వేరే బండి

బస్సు నగరంలోకి వచ్చేసరికి బాగా పొద్దెక్కింది. కిటికీ పక్క సీటు దొరికిందని బయల్దేరేటప్పుడు పడ్డ సంతోషం, సొంత ఊరి పొలిమేర దాటకముందే చెల్లెలికి ఆవిరైపోయింది. కిటికీ అద్దం మీద ఎవరెవరిదో తలనూనె జిడ్డుగా మెరుస్తోంది. ఆ జిడ్డులో ఒక వెంట్రుక అంటుకుని ఉంది. దారి పొడుగునా ఆమె దాన్ని చూడకూడదనుకుంటూ దాన్నే చూస్తూ వచ్చింది. ముందు సీట్లో పసిబిడ్డ పాలు కక్కితే, వాళ్లమ్మ ఆ కక్కును బస్సు తెరతో తుడిచి, తెరను మళ్లీ ముచ్చటగా సర్దింది. వెనక సీటాయన చెప్పులు విప్పి, ఒక కాలు తెచ్చి ఈమె మోచేతి పక్కన పెట్టాడు. వేళ్ల సందుల్లో ఏదో మందు రాసుకున్నాడు. తెల్లగా పొరలు కట్టి ఉంది.

"కాలు తియ్యి నాయనా."

"కాలేగా పిన్నిగారూ. ఏం కరవదు."

చెల్లెలు ముక్కు మూసుకుంది. ఇంట్లో ఆమెకు ముక్కుమూత అని పేరు. ఆ పేరు పెట్టింది అక్క. పెద్దాసుపత్రిలో బట్టలుతికే చోట పనిచేసి చేసి చెల్లెలి జుట్టు నెరిసింది. గుడ్డ మీద ఏ మరక ఎక్కణ్ణించి వచ్చిందో చూడగానే తెలిసిపోతుంది ఆమెకు. తెలియకపోతే బాగుండేది. మిగతా జనం సీటును చూస్తారు. ఈమెకు ఆ సీటు మీద అంతకుముందు కూర్చుని వెళ్లినవాళ్లందరూ కనిపిస్తారు. అందుకే ఒళ్లో సంచీని వదలకుండా పట్టుకుంది. అందులో ఉతికి ఇస్త్రీ చేసిన దుప్పట్లు, సబ్బు, దూది, ఒక స్పిరిట్ సీసా ఉన్నాయి. ఆసుపత్రి మంచం మీద అక్క పడుకోబోయే ముందు ఆ దుప్పట్లు పరవాలి.

అక్క ఈ బస్సులో లేదు. అక్క రైల్లో వస్తోంది.

కళ్లు సరిగా కనబడని మనిషిని రైల్లో ఒంటరిగా ఎక్కించి, చూపున్న మనిషి బస్సెక్కడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. ఇరుగుపొరుగువాళ్లు మొహం మీదే అన్నారు. కానీ ఆ ఇంట్లో అదే నియమం. ఈ ఇద్దరూ చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు అమ్మ, నాన్న, తమ్ముడు, పిన్ని అందరూ ఒకే లాంచీ ఎక్కి చుట్టాలింటికి వెళ్లారు. ఒంటి నిండా ఆటలమ్మ పొక్కులున్నాయని ఆడపిల్లలిద్దర్నీ అమ్మమ్మ దగ్గర వదిలేసి వెళ్లారు. రేవులో నిలబడి చేతులూపారు పిల్లలిద్దరూ. లాంచీ తిరిగి రాలేదు. ఆ తరువాత అమ్మమ్మ ఇద్దర్నీ చెరో మోకాలి దగ్గర కూర్చోబెట్టుకుని, "బతికినంతకాలం మీరిద్దరూ ఒకే బండి ఎక్కొద్దే. ఏం జరిగినా ఒకరు మిగలాలి," అంది.

అమ్మమ్మ పోయినా ఆ మాట పోలేదు. బజారుకు వెళ్లాలన్నా ఒకరు ముందు బండిలో, ఒకరు వెనక బండిలో. అక్క పెళ్లయి వెళ్లినప్పుడూ అంతే, మొగుడు పోయి తిరిగొచ్చినప్పుడూ అంతే. చెల్లెలు పెళ్లి చేసుకోలేదు, అక్క ఇంకెక్కడికీ వెళ్లలేదు. ఇద్దరూ ఒకే గదిలో పడుకుంటారు, ఒకే గిన్నెలో వండుకుంటారు. గడప దాటితే మాత్రం ఒకరికొకరు వీడ్కోలు చెప్పుకోవాలి. మందుల షాపుకు వెళ్లాలన్నా సరే. 

అక్క బట్టలు కుట్టేది. కళ్లలో తెల్లపొర కమ్ముకొస్తున్నా ఆపరేషన్ అంటే ఒప్పుకోలేదు. మొన్నామధ్య ఒక పసిపాప గౌను చేతిని తీసుకెళ్లి మెడకు కుట్టింది. ముందు పగలబడి నవ్వింది. తరువాత వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక, "సరే పద. కానీ ఈ ఒక్కసారే. వాళ్లు మంచం లేదు పొమ్మంటే మళ్లీ నన్ను కదపొద్దు," అంది. నగరానికి అవతల, నీళ్లకు ఆ ఒడ్డున ఉంది కళ్లాసుపత్రి. సాయంత్రం లోపల చేరితేనే మంచం. చేరకపోతే వరుసలో వెనకున్నవాళ్లకు ఇచ్చేస్తారు. అక్క మాట మీద నిలబడే మనిషి. ఇవాళ తప్పితే ఇంక ఆ కళ్లు అంతే.

బస్టాండులో దిగగానే చెల్లెలి చెప్పు దేంట్లోనో జారింది. అరటితొక్కో, ఇంకేదో. చూసుకోలేదు. మరుగుదొడ్డికి వెళ్లక తప్పలేదు. గుమ్మంలో ఒక ఇటుక, దాని తరువాత నీళ్లు, ఆ నీళ్లలో మరో ఇటుక. జనం ఇటుక మీంచి ఇటుక మీదికి గెంతుతున్నారు. గొళ్లెం లేని తలుపును లోపలివాళ్లు ఒక చేత్తో పట్టుకోవాలి. తలుపు మీద చేయి వేసే చోట నల్లగా, మెత్తగా ఒక పొర ఉంది. ఆమె మోచేత్తో నెట్టి పట్టుకుంది. తరువాత ఆ మోచేతిని రోజంతా తన ఒంటికి తగలకుండా ఎడంగా పెట్టుకుంది.

రైల్వే స్టేషనుకు సిటీ బస్సులో వెళ్లింది. పట్టుకునే కమ్మీ తడిగా ఉంది. రుమాలు చుట్టి పట్టుకుంది. పక్కనున్న పొడుగాయన చంక సరిగ్గా ఆమె ముక్కు ఎత్తులో ఉంది. బస్సు బ్రేకు వేసినప్పుడల్లా ఆ చంక ఆమె దగ్గరికొచ్చి పలకరించి వెళ్తోంది. దిగేసరికి రుమాల్లో ఏ మడత శుభ్రమైనదో, ఏది కమ్మీకి తగిలిందో ఆమెకే తెలియలేదు. రుమాలును చెత్తబుట్టలో పారేయబోయింది. చెత్తబుట్ట అంచు చూసి, దూరం నుంచే విసిరింది.

అక్క చెప్పిన చోటే, మెట్ల పక్క బెంచీ మీద కూర్చుని ఉంది. కాళ్ల దగ్గర పెట్టె. చేతిలో సగం తిన్న అరటిపండు.

"వచ్చావా? ఇందాకే తెలిసింది నువ్వొస్తున్నావని," అంది తల తిప్పకుండానే.

"ఎలా తెలిసిందో. నాలుగడుగుల్లో ఏనుగున్నా కనిపించదు నీకు."

"కనిపించడమెందుకే? పైమెట్టు దగ్గర్నుంచీ ఛీ, ఛీ అనుకుంటూ దిగుతున్నావు. ఈ ఊళ్లో ఇంకెవరికుంది అంత రోత?"

"చేతులు చూపించు."

అక్క చూపించింది. చూపు తగ్గాక ఆమె ప్రతిదాన్నీ తడిమి చూస్తుంది. రైలు తలుపు, కమ్మీలు, గోడలు, జనం భుజాలు. వేళ్లన్నీ నల్లగా ఉన్నాయి. అరటిపండు మీద ఆ వేళ్ల ముద్రలు పడ్డాయి.

"ఈ చేతుల్తోనే తిన్నావా?"

"కాళ్లతో తినడం చేతకాదుగా."

చెల్లెలు పండు లాక్కుని పారేసి, స్పిరిట్‌లో దూది ముంచి ఒక్కొక్క వేలూ తుడిచింది. దూది ఎంత నల్లబడుతుంటే ఆమె మొహం అంత ముడుచుకుంది.

"రైల్లో ఎవరితో కూర్చున్నావు?"

"ఒక టీచరమ్మ దొరికింది. కొడుకు సంగతీ, కోడలి సంగతీ అన్నీ చెప్పి ఏడ్చింది. దిగేటప్పుడు నా చేయి పట్టుకుని వదల్లేదు. పాపం, మొహం ఎలా ఉంటుందో నాకు తెలీదు. ఇంక తెలిసేదీ లేదు." అక్క వేళ్లు వెనక్కి లాక్కోబోయింది. "మెల్లగా రుద్దవే, తోలు ఊడుతుంది."

స్టేషను బయట, ఊరు చూడవచ్చినవాళ్లకు దారులు చెప్పే కిటికీ ఒకటుంది. లోపలమ్మాయి ఏదో నములుతూ ఒక రంగు కాగితం అందించింది. రైలు, బస్సు, వ్యాను, టాక్సీ, లాంచీ బొమ్మలున్నాయి దాని మీద. హాయిగా వెళ్లండి, వేగంగా వెళ్లండి అని రాసి ఉంది. ఆ బొమ్మల్లో ఒక్కరికీ చెమట పట్టలేదు. చెల్లెలు కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుంది.

"అవతలి ఒడ్డు కళ్లాసుపత్రికి ఎలా వెళ్లాలమ్మా?"

"లోకల్ రైలుంది. కానీ ఇవాళ లేదు, పట్టాలు బాగుచేస్తున్నారు. టాక్సీలున్నాయి. కానీ సమ్మె. వ్యాను ఉంది, చుట్టూ తిరిగి వంతెన మీదుగా వెళ్తుంది. లాంచీ ఉంది. రెండూ రేవు దగ్గరే దొరుకుతాయి."

"తరువాతి వ్యాను ఎప్పుడు?"

"నిండినప్పుడు. ఇదొకటి నిండితే తరువాతది ఇవాళ వస్తుందో రాదో వాళ్లకే తెలీదు. ఇద్దరూ ఒకదాంట్లోనే వెళ్లండి పెద్దమ్మా, ఇబ్బందేముంది?"

"అదే కుదరదమ్మా," అంది అక్క.

"ఏం, మాట్లాడుకోరా మీరిద్దరూ?"

"మాట్లాడుకుంటాం. దిగాక."

అమ్మాయి నమలడం ఆపి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

లాంచీ అన్న మాట విన్నప్పటి నుంచీ చెల్లెలు తల దించుకునే నడిచింది. రేవు దగ్గరపడింది. చేపల నీచు, డీజిలు, కుళ్లిన తాడు, వీటన్నిటి కింద నిలవ నీటి కంపు. నీళ్ల మీద నూనె తెట్టు రంగురంగులుగా తేలుతోంది. ఒడ్డు రాళ్లకు ఆకుపచ్చటి నాచు. ఆ వాసన ఆమెకు కొత్తది కాదు. చేతులూపిన నాటి రేవులోనూ ఇదే వాసన.

"నేను లాంచీలో వెళ్తాలే," అంది అక్క.

"నువ్వా?"

"నాకు నీళ్లు కనిపించవుగా. నువ్వయితే చూస్తావు, చూసి చస్తావు. నన్ను లాంచీవాడికి అప్పజెప్పి నువ్వు వ్యానెక్కు. ఆ ఒడ్డున కలుద్దాం."

వద్దనాలి అనుకుంది చెల్లెలు. నోరు తెరిచింది కూడా. తెరిచిన నోట్లోంచి, "సరే, జాగ్రత్త," అని వచ్చింది. అక్క తడుముకుంటూ ఆమె గడ్డం పట్టుకుని, ఎప్పటిలాగే, "వెళ్లొస్తానే ముక్కుమూతా," అంది. ఆమె కూడా ఎప్పటిలాగే, "క్షేమంగా రా," అంది. టోపీ పెట్టుకున్న రేవు మనిషికి అక్కనూ పెట్టెనూ అప్పగించి, ఆసుపత్రి లాంచీ, మర్చిపోకు అని చెప్పి, వెనక్కి చూడకుండా వ్యాను దగ్గరికి నడిచింది.

వ్యాను సగం నిండింది. సీటు రెక్సిను చిరిగి లోపలి స్పాంజి కనిపిస్తోంది. ఆ స్పాంజి ఏవేవో తాగి తాగి గోధుమరంగుకు తిరిగింది. ఆమె సంచీని సీటు మీద పెట్టి, దాని అంచున కూర్చుంది. పక్కనున్నాయన గొంతులోంచి కఫం పైకి లాగి, కాసేపు నోట్లో ఉంచుకుని ఆలోచించి, కిటికీలోంచి ఉమ్మాడు. అందులో కొంత కిటికీ అంచునే ఉండిపోయింది. ఈ ఊళ్లో మనుషులు లోపలున్నదంతా బయటికి తోసేస్తూనే ఉంటారు, ఎవరో ఒకరు దాని మీద కూర్చుంటూనే ఉంటారు అనుకుంది. కిటికీ వైపు చూడలేక ముందు అద్దంలోంచి రేవు వైపు చూసింది.

అక్క కనిపించింది. పక్కన టోపీ మనిషి లేడు. పెట్టె పక్కన పెట్టుకుని ఒంటరిగా నిలబడి, గాలిలో చేయి చాపి వెతుకుతోంది. అటూ ఇటూ పోతున్నవాళ్లు ఆ చేతిని తప్పించుకుని పోతున్నారు. ఆ చేయి ఒక తాడును పట్టుకుంది. నాచు పట్టి, జిగురు కారుతున్న తాడు. అక్క ఆ తాడునే గట్టిగా పట్టుకుని నిలబడింది, అదేదో మనిషి చేయి అయినట్టు. అప్పుడు రంగుల చొక్కావాడొకడు వచ్చి ఆ చేయి అందుకున్నాడు. పెట్టె ఎత్తుకున్నాడు. రంగు దీపాలు కట్టి, పాటలు మోగుతున్న లాంచీ వైపు నడిపించాడు. అది ఊరు చూడవచ్చినవాళ్లను ఎక్కించుకుని, దీవుల చుట్టూ తిప్పి, చీకటి పడ్డాక ఇదే ఒడ్డుకు తెచ్చి దింపే లాంచీ. దాని మీద రాసింది పెద్ద పెద్ద అక్షరాల్లో ఉంది. అక్క చదవలేదు.

చెల్లెలు వ్యాను దిగింది. ఎలా దిగిందో ఆమెకే తెలియదు. పరుగెత్తింది.

"అక్కయ్యా, అక్కయ్యా."

రేవు నిండా అదే పిలుపు. రండక్కా, ఇటు రండక్కా, ఎక్కండక్కా అని లాంచీల వాళ్లందరూ కనిపించిన ప్రతి ఆడమనిషినీ పిలుస్తున్నారు. పైన పాటలు. ఆమె గొంతు అందులో కలిసిపోయింది. అక్క ఒక కాలు లాంచీకి వేసిన పలక మీద పెట్టింది. చెల్లెలు అడ్డంగా ఉన్న చేపల బుట్టలు దాటబోయి, పేగులు పారబోసిన చోట కాలు వేసి, మోకాళ్ల మీద పడింది. రెండు చేతులూ మణికట్ల దాకా ఆ మెత్తటి వెచ్చటి దాంట్లోకి దిగబడ్డాయి.

"ఛీ," అంది. కడుపులోంచి వచ్చిందది. పొద్దుటి నుంచీ అన్నవన్నీ కలిపినా అంత ఉండవు.

పలక మీద అక్క ఆగిపోయింది. తల తిప్పింది.

"ఏమే? నువ్వింకా ఇక్కడే ఉన్నావా?"

"దిగు. అది కాదు మన లాంచీ. దిగు ముందు."

రంగుల చొక్కావాడు, "ఏం పర్లేదు పెద్దమ్మా, మా లాంచీ బాగుంటుంది, కూల్‌డ్రింకు కూడా ఇస్తాం," అన్నాడు.

"నీ కూల్‌డ్రింకు నువ్వే తాగు," అని చెల్లెలు పెట్టె లాక్కుంది. పెట్టె పిడికి పేగు ముక్క అంటుకుంది. తుడవలేదు.

ఆసుపత్రి లాంచీ చివరి మెట్ల దగ్గర ఉంది. పాతది, రంగు పోయింది. లాంచీ నడిపే సరంగు కట్లు విప్పుతున్నాడు. పలక సన్నంగా ఉంది, దానికి ఒక పక్కే తాడు. అక్క దాని మీద ఒంటరిగా నడవలేదు. చెల్లెలు ముందు నడిచి, వెనక్కి చేయి చాచి, అడుగడుగూ చెప్తూ తీసుకెళ్లింది. కింద నీళ్లు నల్లగా కదులుతున్నాయి. ఆమె నీళ్లను చూడలేదు. అక్క కాళ్లను చూసింది. బెంచీ మీద కూర్చోబెట్టింది. బెంచీ తడిగా ఉంది.

ఒడ్డు మీద హారను మోగింది. వ్యాను నిండినట్టుంది. కదిలింది. ఆమె సంచీ, దుప్పట్లతో, సబ్బుతో, దూదితో, స్పిరిట్ సీసాతో సహా అందులోనే ఉంది.

"దిగేవాళ్లు దిగండి," అన్నాడు సరంగు.

"వెళ్లవే," అంది అక్క. "వాడు పలక తీసేస్తాడు. ఇంకో వ్యాను చూసుకో. వెళ్లు, అమ్మమ్మ మాట."

చెల్లెలు ఒడ్డు వైపు చూసింది, అక్క వైపు చూసింది. అక్క చేయి అప్పుడే బెంచీ అంచును తడుముతోంది, పట్టుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని. జీవితంలో ఎన్నిటినో అసహ్యించుకుంది చెల్లెలు. మరకల్ని, ఉమ్ముల్ని, ఊరివాళ్ల జిడ్డుని. గుడ్డిమనిషిని నీళ్ల మీదికి పంపి తను వ్యానెక్కి కూర్చున్న ఇందాకటి తనను చూస్తే పుట్టిన రోత ముందు అవన్నీ ఎంత. ఇద్దరిలో ఒకరు మిగలాలంది అమ్మమ్మ. మిగిలినవాళ్లు ఆ గదిలో, ఆ ఒక్క గిన్నెతో ఏం చేయాలో మాత్రం చెప్పలేదు.

"పలక తీసెయ్ నాయనా," అంది చెల్లెలు.

"ఒసే."

"జరుగు. నాకూ చోటివ్వు."

లాంచీ కదిలింది. అక్క చేయి చాచి చెల్లెలి ఒడి తడిమింది. తరువాత, "నీ సంచీ ఏదీ?" అంది.

"వ్యానులో పోయింది. ఆసుపత్రికే పోతుంది, దొరికితే దొరుకుతుంది."

"అయితే ఫర్లేదులే. మనలో ఒకటి వేరే బండిలోనే వస్తోంది," అంది అక్క. చెల్లెలికి నవ్వు రాలేదు గానీ, ఇంకొంచెం దగ్గరికి జరిగింది.

నడి నీళ్లకు వచ్చేసరికి లాంచీ ఊగడం మొదలెట్టింది. ఇంజను పొగ లోపలికి కొడుతోంది. ముందున్న గోనెల్లోంచి ఏదో కుళ్లు వాసన. అక్క మొహం పాలిపోయింది. "నాకేదో..." అంటూ పక్కకు వంగబోయింది, ఏ పక్కకు వంగాలో తెలియలేదు. చెల్లెలు రెండు చేతులూ దోసిలి పట్టింది. చేప నెత్తురు ఆరిన ఆ దోసిట్లోకి పొద్దుటి అరటిపండు వెచ్చగా వచ్చి పడింది. వేళ్ల సందుల్లోంచి ఒళ్లోకి కారింది. చెల్లెలి కడుపులోంచి కూడా పైకి తన్నుకొచ్చింది, మింగేసింది. ఆ చేతుల్ని నీళ్లలో కడగాలి. కడగాలంటే అంచు మీదికి వంగి నీళ్లను చూడాలి. వంగింది. కడుక్కుంది. నీళ్లు చల్లగా, జిడ్డుగా ఉన్నాయి. నాన్న, అమ్మ, తమ్ముడు, పిన్ని వెళ్లిన నీళ్లు ఇవి కావు, అయినా నీళ్లే. తన మెడ చుట్టూ ఉన్న శాలువా తీసి, దాని చివరతో అక్క మూతి తుడిచింది. అదే చివరతో తన చేతులు తుడుచుకుంది. శాలువాలో శుభ్రమైన మడత ఎక్కడుందో వెతకలేదు. అవతలి ఒడ్డు ఇంకా దూరంగానే ఉంది. కొండ మీద తెల్లటి కట్టడమొకటి కనిపిస్తోంది. అదే ఆసుపత్రి అయి ఉండాలి. పొద్దు ఇంకా ఉంది.

"ఏమే," అంది అక్క నీరసంగా.

"ఊ."

"పక్కనే ఉన్నావా?"

"ఇంకెక్కడికి పోతాను, నడి నీళ్లలో."

"మరి చప్పుడు లేదేం? ఇంత జరిగితే ఒక్కసారి కూడా అనలేదు." అక్క వేళ్లు ఆమె మోకాలి మీద కక్కులోంచి పాకుతూ వచ్చి ఆమె వేళ్లను పట్టుకున్నాయి. "నాకు భయమేస్తోందే. అనవే."

చెల్లెలు ఆ వేళ్లను గట్టిగా పట్టుకుంది. జారుతున్నాయి, అయినా పట్టుకుంది.

"ఛీ," అంది.